స్టార్టర్ డబ్బాలో పట్టే చిన్న బోర్డుకి ఏ మైక్రోకంట్రోలర్? నాలుగు చిప్పుల మధ్య ఇరుక్కుపోయాను

బోరుబావి_బోర్డు
మా నాన్నకీ ఇద్దరు బాబాయిలకీ కలిపి ఐదు బోర్లు, అన్నీ 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటార్లే. రెండేళ్లలో మూడు మోటార్లు కాలాయి. రెండు నీళ్లు లేక ఉత్తగా తిరిగి, ఒకటి మధ్యలో ఫేజ్ పోయి. ప్రతిసారీ పైపులు పైకి లాగడం, వైండింగ్‌కి వేయడం, మళ్లీ దించడం, ఈలోపు మడి నెర్రెలు బారడం. విసిగిపోయి నేనే ఒక బోర్డు చేద్దామని కూర్చున్నాను.

మూడు ఫేజుల వోల్టేజీ, మూడు ఫేజుల కరెంటు చూడాలి, తేడా వస్తే కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) ఆపాలి, 4జీ మోడెమ్‌తో ఫోన్‌కి చెప్పాలి. డబ్బాలో మిగిలిన జాగా కొలిస్తే బోర్డు 80 × 60 మి.మీ. దాటడానికి లేదు. అందుకే ఓపాంపులూ (సిగ్నల్ పెంచేవి) కంపారేటర్లూ (రెండు వోల్టేజీలు పోల్చేవి) బయట పెట్టకుండా లోపలే ఉన్న మిక్స్‌డ్ సిగ్నల్ చిప్పు, అంటే అనలాగ్, డిజిటల్ రెండూ ఒకదాంట్లోనే ఉన్నది, వెతుకుతున్నా. నా లిస్టులో ఎస్‌టీఎం32జీ431, ఎంఎస్‌పీ430ఎఫ్‌ఆర్2355, ఏవీఆర్64డీబీ32, పీసాక్4 ఉన్నాయి. నాలుగు డేటాషీట్లూ చదివితే నాలుగూ బాగున్నాయి, అదే నా బాధ. ఆఫీసులో ఒకతను ఈ 12 బిట్ల ఏడీసీలు (వోల్టేజీని అంకెగా మార్చే భాగాలు) కరెంటు కొలవడానికి పనికిరావు, 24 బిట్లు కావాల్సిందే అంటున్నాడు. అదొక టెన్షన్. ఏది తీసుకోమంటారు?

చిప్పు_చిన్నోడు
ఈఎస్‌పీ32 పెట్టేయ్ బ్రో, అన్నీ అందులోనే ఉన్నాయి

కోఠి_సోల్డర్
పొలంలో వైఫై ఎవడిస్తాడు తమ్ముడూ, కొంగలా? పైగా దాని ఏడీసీ సరళరేఖలో ఉండదు, అటు చివరా ఇటు చివరా వంగిపోతుంది, రెండో ఏడీసీ వైఫై నడుస్తుంటే వాడుకోనివ్వదు కూడా. అది వేరే పనులకి బంగారం, ఈ పనికి కాదు.

బోరుబావి అన్నా, నీ ప్రశ్నకొస్తే. చిప్పు సంగతి తర్వాత, ముందు సీటీ (కరెంటును చిన్నది చేసి చూపే ట్రాన్స్‌ఫార్మర్) ఏది, దానికి పెట్టే బర్డెన్ రెసిస్టర్ ఎంత, మోటార్ ఫుల్ లోడ్ కరెంటు ఎంత, స్టార్టింగ్‌లో ఎంత లాగుతుంది? ఇవి చెప్పకుండా ఎన్ని బిట్లు కావాలని అడిగితే కొలతలివ్వకుండా చొక్కా కుట్టమన్నట్టే.

బోరుబావి_బోర్డు
సీటీ 1000:1 రకం, బోర్డు మీద నిలబడే చిన్నది. మోటార్ నడుస్తున్నప్పుడు 9 ఆంపుల దాకా, స్టార్టింగ్‌లో క్లాంప్ మీటర్ 50 దగ్గర చూపించింది. బర్డెన్ ఇంకా అనుకోలేదు.

కోఠి_సోల్డర్
అయితే లెక్క ఇక్కడే చేసేద్దాం. 3.3 వోల్ట్‌ల చిప్పు అనుకో. 50 ఆంపులంటే సీటీ అవతల 50 మిల్లీ ఆంపులు. 22 ఓమ్ పెడితే 1.1 వోల్ట్ ఆర్‌ఎంఎస్, శిఖరం నుంచి శిఖరానికి సుమారు 3.1 వోల్ట్‌లు. మధ్యలో 1.65 బయాస్ (అల ఊగడానికి మధ్యబిందువు) ఇస్తే అటూ ఇటూ తగలకుండా సరిపోతుంది. ఇప్పుడు 9 ఆంపులకి చూడు, 0.56 వోల్ట్ స్వింగ్. 12 బిట్లంటే 4096 మెట్లు, ఒక మెట్టు, అదే ఒక కౌంటు, 0.8 మిల్లీ వోల్ట్, అంటే దాదాపు 700 కౌంట్లు. నీళ్లు లేక 5 ఆంపులకి పడిపోయిందనుకో, 385 కౌంట్లు. 700కీ 385కీ తేడా పట్టుకోడానికి 24 బిట్లు ఎందుకు? మీ ఆఫీసాయన కరెంటు మీటర్ చేస్తున్నాడేమో, అక్కడ పైసా లెక్క కావాలి. మనకి మోటార్ బతికితే చాలు.

స్టార్టింగ్ శిఖరాల్లో మొదటి రెండు మూడు సైకిళ్లకి సీటీ ఎటూ శాచురేట్ అవుతుంది, ఆ కొద్దిసేపు రీడింగ్ నమ్మకు.

డల్లాస్_దొర
24 బిట్లే కావాలంటే ఎంఎస్‌పీ430ఐ2041 ఉంది, లోపల నాలుగు సిగ్మా డెల్టా ఏడీసీలు. కానీ నీకు ఆరు చానెళ్లు కావాలి, కాబట్టి కుదరదు. లిస్టులో ఉన్నవాటిలో నా ఓటు ఎఫ్‌ఆర్2355కే. నాలుగు అనలాగ్ బ్లాకులు, ఒక్కోదాంట్లో ఓపాంపూ డాకూ (అంకెని వోల్టేజీగా మార్చేది) కలిసి ఉంటాయి, గెయిన్ సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. అదిగాక మెమరీ ఎఫ్‌రామ్. ఫ్లాష్ లాగా అరిగిపోదు, ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినన్ని సార్లు రాసుకోవచ్చు. మోటార్ ఎన్ని గంటలు తిరిగిందో నిమిషం నిమిషం రాసుకో.

సర్క్యూట్_సుబ్బి
డల్లాస్‌లో ఉండి టీఐ (ఎంఎస్‌పీ430లు చేసే డల్లాస్ కంపెనీ, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కాక ఇంకేం చెప్తారు దొరగారూ. ఊరి అభిమానం.

డల్లాస్_దొర
నేను పనిచేసేది ఇన్సూరెన్స్ కంపెనీలో అమ్మా. సోల్డరింగ్ ఐరన్ గరాజ్‌లో, నా భార్యకి తెలియకుండా.

మోటార్_వైండింగ్
నాకు మీ చిప్పులు తెలియవు, 22 ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను. రెండు విషయాలు చెప్తా, రాసుకోండి.

ఒకటి, సింగిల్ ఫేజింగ్‌ని (మూడింట్లో ఒక ఫేజ్ పోవడాన్ని) వోల్టేజీ చూసి పట్టుకుంటాం అనుకుంటారు అందరూ. మోటార్ ఆగి ఉన్నప్పుడు నిజమే. తిరుగుతున్న మోటార్‌కి ఒక ఫేజ్ పోతే, పోయిన ఫేజ్ మీద కూడా మోటారే వోల్టేజీ పుట్టించి చూపిస్తుంది. మీటర్ పెడితే మూడు ఫేజులూ ఉన్నట్టే కనిపిస్తాయి, లోపల మిగతా రెండు ఫేజుల కాయిల్స్ మాడిపోతుంటాయి. కాబట్టి కరెంటు చూడాలి. ఒక దాంట్లో సున్నా, మిగతా రెండింట్లో ఎక్కువ, అదీ గుర్తు. మార్కెట్‌లో చవగ్గా దొరికే ప్రివెంటర్లు కొన్ని వోల్టేజీ ఒక్కటే చూస్తాయి. అలాంటివి పెట్టుకున్న మోటార్లే నా షెడ్డుకి ఎక్కువ వస్తాయి.

రెండు, డ్రై రన్, అంటే నీళ్లు లేకుండా తిరగడం. కరెంటు తగ్గడం ఒక్కటే చూస్తే, వోల్టేజీ పెరిగినా తగ్గినా మోసపోతారు. లోడ్ లేని మోటార్ పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంటు అలలు ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) బాగా పడిపోతుంది, అది చూస్తే ఖాయంగా తెలుస్తుంది.

బోరుబావి_బోర్డు
అన్నా, రెండో పాయింట్‌తో నా డిజైన్ సగం మారిపోయింది. పవర్ ఫ్యాక్టర్ కావాలంటే వోల్టేజీ, కరెంటు ఒకే క్షణంలో శాంపిల్ చేయాలి కదా? అయితే రెండు ఏడీసీలు ఉన్న జీ431 తప్ప దారి లేదేమో.

నిద్రలేని_ఫర్మ్‌వేర్
తొందరపడకు. 50 హెర్ట్జ్‌కి ఒక సైకిల్ 20 మిల్లీ సెకన్లు, అంటే ఒక డిగ్రీకి 55 మైక్రో సెకన్ల పైమాటే. ఏవీఆర్ డీబీ ఏడీసీ సెకనుకి 1,30,000 శాంపిల్స్ తీస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి తీసినా మధ్యలో ఎడం 8 మైక్రో సెకన్లు. డిగ్రీలో ఏడో వంతు. నీ చవక సీటీ ఇచ్చే ఫేజ్ తప్పు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఎలాగూ కాలిబ్రేట్ చేయాలి, ఆ 8 మైక్రో సెకన్లు కూడా అందులోనే కలిసిపోతాయి.

జీ431 చెడ్డదని కాదు, 170 మెగాహెర్ట్జ్, మూడు ఓపాంపులు, నాలుగు కంపారేటర్లు, బీఎల్‌డీసీ మోటార్ డ్రైవ్ చేస్తే కళ్లు మూసుకుని అదే తీసుకుంటా. నీ పనికి సైకిల్‌కి 64 శాంపిల్స్, ఆరు చానెళ్లు, మొత్తం సెకనుకి 19,200. 24 మెగాహెర్ట్జ్ ఏవీఆర్‌కి ఒక్కో శాంపిల్‌కి 1250 క్లాక్‌లు మిగులుతాయి. వర్గం చేసి కూడడానికి అందులో పదో వంతు కూడా పట్టదు.

పాత_8051
మిక్స్‌డ్ సిగ్నల్ మిక్స్‌డ్ సిగ్నల్ అని ఇప్పుడు కొత్తగా అంటున్నారు గానీ, మేము సీ8051ఎఫ్ చిప్పుల మీద 2005లోనే ఏడీసీ, డాక్, కంపారేటర్ అన్నీ ఒకే చిప్పులో వాడాం. 8 బిట్ల చిప్పు అంటే చిన్నచూపు వద్దు. ఇంకో మాట, స్టార్టర్ డబ్బాలో 5 వోల్ట్‌ల చిప్పు పెట్టు. 3.3 మీద పనిచేసే చిప్పులు కాంటాక్టర్ పక్కన నిలబడవు.

సర్క్యూట్_సుబ్బి
ఇది పాతకాలం నమ్మకం మాస్టారూ, 3.3 చిప్పులు ఫ్యాక్టరీల్లో డ్రైవ్‌ల పక్కన లక్షల్లో నడుస్తున్నాయి. లేఅవుట్ సరిగ్గా ఉంటే వోల్టేజీ ఏదైనా ఒకటే.

పాత_8051
లేఅవుట్ సరిగ్గా ఉంటే. కుర్రాడికి ఇది మొదటి బోర్డు తల్లీ. ఆ "ఉంటే" దగ్గరే నాకు భయం.

బోరుబావి_బోర్డు
రెండో బోర్డు అండీ 😅 మొదటిది డోర్‌బెల్.

కోఠి_సోల్డర్
5 వోల్ట్‌ల వైపు ఇంకో కారణం ఉంది, ఎవరూ చెప్పలేదు. నీ 4జీ మోడెమ్ ఏది? ఈసీ200యూ లాంటిదైతే దాని సీరియల్ పిన్నులు 1.8 వోల్ట్‌లవి. మామూలుగా అయితే మధ్యలో లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీ మార్చే చిప్పు) పెట్టాలి, జాగా పోతుంది. ఏవీఆర్ డీబీలో పోర్ట్ సీ ఒక్కదానికి వేరే సప్లై ఇవ్వొచ్చు. చిప్పంతా 5 మీద, ఆ పోర్ట్ 1.8 మీద. నేరుగా కలిపేయ్. నీ బోర్డు కొలతలకి ఇది ఓపాంపుల కంటే పెద్ద లాభం.

ఓపాంపుల సంగతి కూడా చెప్తున్నా. 32 పిన్నుల దాంట్లో రెండే ఉంటాయి, మూడు కావాలంటే 48 పిన్నులది. పైన చేసిన లెక్క ప్రకారం కరెంటుకి గెయిన్ అక్కర్లేదు కాబట్టి రెండూ ఎక్కువే. ఒక దాన్ని బయాస్‌కి వాడు. లోపలి డాక్ నుంచి 2.048 తీసి ఓపాంప్ ఫాలోయర్‌గా పెడితే మూడు సీటీలకీ గట్టి మధ్యబిందువు దొరుకుతుంది. ఏడీసీ రిఫరెన్స్ 4.096 పెట్టుకో, ఒక కౌంటు ఒక మిల్లీ వోల్ట్, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. బర్డెన్ 27 ఓమ్‌కి మార్చు.

డల్లాస్_దొర
ఎఫ్‌రామ్ మాటేంటి? ఏవీఆర్‌లో ఈఈప్రామ్ 512 బైట్లే, లక్ష సార్లు రాస్తే ఆ సెల్ గ్యారంటీ అయిపోయింది. నిమిషానికోసారి ఒకే చోట రాస్తే 70 రోజులు కూడా రాదు.

నిద్రలేని_ఫర్మ్‌వేర్
నిమిషానికోసారి ఎందుకు రాయాలి దొరా, గంటకోసారి రాస్తే 11 ఏళ్లు. కరెంటు పోతోందని తెలిసినప్పుడు ఇంకోసారి రాస్తే చాలు, వోల్టేజీ చానెళ్లు ఎలాగూ చూస్తున్నాం. ట్రిప్ ఎప్పుడైందో మోడెమ్ సర్వర్‌కి పంపేస్తుంది. ఎఫ్‌రామ్ మంచిదే, కాదనను, కానీ ఆ ఒక్కదాని కోసం 5 వోల్ట్‌లు వదులుకోవాలా?

డల్లాస్_దొర
సరే సరే. ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నా.

చిప్పు_చిన్నోడు
అయితే ఆర్‌పీ2040? చాలా చవక, రెండు కోర్లు

నిద్రలేని_ఫర్మ్‌వేర్
దాని ఏడీసీ పేరుకి 12 బిట్లు, డేటాషీట్‌లోనే అసలు పనికొచ్చేవి 8.7 అని రాసి ఉంది. 512, 1536, 2560, 3584 దగ్గర మెట్లు సమంగా ఉండవని ఎర్రాటాలో (కంపెనీయే వేసే తప్పుల పట్టీలో) కూడా ఒప్పుకున్నారు. ఓపాంపు లేదు, లోపల రిఫరెన్స్ లేదు. తమ్ముడూ, డేటాషీట్ మొదటి పేజీ అమ్మేవాడి కోసం, ఎర్రాటా కొనేవాడి కోసం. చిప్పు ఖరారు చేసే ముందు ఎర్రాటా చదవాలి.

గుంటూరు_గ్రౌండ్
చిప్పు ఏదైనా నమ్మకమైన డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొను. 2021లో చిప్పుల కరువప్పుడు ఒక ఆన్‌లైన్ షాపులో తెచ్చిన ఎస్‌టీఎం32లు 30లో 11 చిప్పులు ప్రోగ్రామర్ ఐడీ చదవగానే వేరే కంపెనీవని తేలింది. పైన ముద్ర మాత్రం మేలిమి. నడిచాయి కూడా, కానీ ఏడీసీ రీడింగ్ ఒక్కో చిప్పుకి ఒక్కోలా. మూడు వారాలు నా కోడ్‌ని తిట్టుకున్నాను.

పీసాక్4 ఎవరూ ముట్టుకోలేదేం? అది కూడా 5.5 దాకా పనిచేస్తుంది, లోపల అనలాగ్ దారులు మనమే గీసుకోవచ్చు, నాకు చాలా ఇష్టమైన చిప్పు.

సర్క్యూట్_సుబ్బి
నాకూ ఇష్టమే, కానీ పీసాక్ క్రియేటర్ విండోస్‌లో తప్ప నడవదు, నేను లినక్స్. సైప్రెస్‌ని 2020లో ఇన్ఫినియన్ కొన్నాక పరికరాలన్నీ కొత్త దారికి మారాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఏ ట్యుటోరియల్ దేనికో అర్థం కాదు. ఇప్పుడు నేర్చుకోమని చెప్పలేను.

సర్క్యూట్_సుబ్బి
ఇంకో సంగతి మర్చిపోయాను, ఇదే అన్నిటికంటే ముఖ్యం. వోల్టేజీ కొలవడానికి ఫేజ్ నుంచి ఒకే 1 మెగా ఓమ్ 0805 సైజు రెసిస్టర్ పెట్టకు. విలువ సరిపోతుంది, వోల్టేజీ తట్టుకోదు, 0805 సాధారణంగా 150 వోల్ట్‌లకే. 1206 అయితే 200. నాలుగు 1206లు వరసగా పెట్టు. ఆ కొస దగ్గర ఏడీసీ పిన్నుకి చిన్న కెపాసిటర్ తప్పదు, లేకపోతే అంత పెద్ద రెసిస్టెన్స్ వెనకనుంచి ఏడీసీ లోపలి కెపాసిటర్ నిండదు, రీడింగ్ పక్క చానెల్‌ది కలిసిపోయి వస్తుంది.

ఈ రకం బోర్డు గ్రౌండ్ మెయిన్స్‌కి తగిలే ఉంటుంది. పవర్ ఉండగా ప్రోగ్రామర్ పెట్టి లాప్‌టాప్‌కి కలపకు. ఎలా తెలుసంటే, నా లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులు రెండు ఇప్పుడు అలంకారానికే ఉన్నాయి. ఆ రోజు లాప్‌టాప్ పోయింది కాబట్టి సరిపోయింది, నేను పోలేదు. యూఎస్‌బీ ఐసోలేటర్ కొనుక్కో.

మోటార్_వైండింగ్
అది అందరూ రెండుసార్లు చదవండి.

బాబూ, కరెంటు వచ్చాక మోటార్ తనంతట తాను లేచే ఏర్పాటు పెడుతున్నావా? తెలంగాణలో 2018 జనవరిలో 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. సప్లై రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే దాని పని గోవిందా. పెడితే ఒక్కో డబ్బాకి ఒక్కో ఆలస్యం పెట్టు.

నిద్రలేని_ఫర్మ్‌వేర్
చిప్పు సీరియల్ నంబర్ నుంచి ఆ ఆలస్యం లెక్కగట్టొచ్చు, ప్రతి చిప్పులో వేరే నంబర్ ఉంటుంది. ఐదు బోర్లకీ ఒకే ఫర్మ్‌వేర్ వేసినా ఐదూ వేర్వేరు సమయాల్లో లేస్తాయి.

బోరుబావి_బోర్డు
ఇన్ని మాటలు విన్నాక ఏవీఆర్64డీబీ32కే ఖాయం చేశాను. బోర్డు డిజైన్ పంపించేశా. వచ్చాక చెప్తా.

బోరుబావి_బోర్డు
ఐదు వారాలైంది. బోర్డు వచ్చింది, సోల్డర్ చేశాను, బల్ల మీద బల్బులు పెట్టి చూస్తే కరెంటు, వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ అన్నీ చక్కగా వస్తున్నాయి. సంబరపడి పొలానికి తీసుకెళ్తే కరెంటు సున్నా ఉన్నప్పుడు కూడా రీడింగ్ 30, 40 కౌంట్లు ఎగురుతోంది. ఇంట్లో ఇలా లేదు. కాంటాక్టర్ తీసేసినా అంతే. చిప్పు మార్చాలా?

కోఠి_సోల్డర్
చిప్పు మారిస్తే కొత్త చిప్పులో ఎగురుతాయి. ఎప్పుడూ ఎగురుతున్నాయా, అప్పుడప్పుడా?

బోరుబావి_బోర్డు
అప్పుడప్పుడు. కొన్ని సెకన్లు వచ్చి ఆగుతోంది.

నిద్రలేని_ఫర్మ్‌వేర్
ఎగిరేటప్పుడు ఒక సెకను ముడి శాంపిల్స్ దాచి ఎఫ్‌ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే లెక్క) వేసి చూడు. 217 హెర్ట్జ్ దగ్గర కొమ్ము కనిపిస్తే నాకు టీ బాకీ.

బోరుబావి_బోర్డు
కనిపించింది!! 217 దగ్గర నిలువునా. మీకెలా తెలుసు??

నిద్రలేని_ఫర్మ్‌వేర్
మీ పొలంలో 4జీ సిగ్నల్ లేక మోడెమ్ 2జీకి దిగిపోతోంది. జీఎస్‌ఎం ఫ్రేమ్ 4.615 మిల్లీ సెకన్లు, ప్రతి ఫ్రేమ్‌లో ఒకసారి మోడెమ్ 2 ఆంపుల దాకా గుంజి వదుల్తుంది. సెకనుకి 217 గుంజుళ్లు. పాత రోజుల్లో ఫోన్ రింగయ్యే ముందు రేడియో పక్కన గరగర వచ్చేది చూడు, అదే ఇది. ఇంట్లో 4జీ ఉంది కాబట్టి కనబడలేదు. మోడెమ్ గ్రౌండ్ నీ సీటీల కింద నుంచి పోతోందా?

బోరుబావి_బోర్డు
లేఅవుట్ తెరిచి చూశా. పోతోంది. మోడెమ్‌ని ఒక మూల, పవర్ సప్లైని ఇంకో మూల పెట్టాను, మధ్యలో సీటీలు. సిగ్గుగా ఉంది.

పాత_8051
నేనేమన్నాను?

సర్క్యూట్_సుబ్బి
మాస్టారూ మీరు కాంటాక్టర్ అన్నారు, మోడెమ్ అనలేదు. మార్కులు సగమే.

గుంటూరు_గ్రౌండ్
ఇప్పటికి మందపాటి వైరుతో మోడెమ్ గ్రౌండ్‌ని నేరుగా సప్లై కెపాసిటర్ దగ్గరికి కలిపి, సీటీల వైపు పోయే రాగిని బ్లేడుతో కోసెయ్. మోడెమ్ పక్కనే పెద్ద కెపాసిటర్ ఒకటి. తర్వాతి బోర్డులో మోడెమ్‌నీ సప్లైనీ పక్కపక్కన కూర్చోబెట్టు.

కాంటాక్టర్ కాయిల్ మీద స్నబ్బర్ (ఆపినప్పుడు వచ్చే వోల్టేజీ కుదుపుని మింగేది) పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త, స్టార్టర్లలో కాయిల్ చాలావరకు 415 వోల్ట్‌లది. అందరూ వాడే 275 వోల్ట్‌ల ఎక్స్2 కెపాసిటర్ అక్కడ పెడితే ఎక్కువ కాలం ఉండదు. 440ది కావాలి.

బోరుబావి_బోర్డు
కోసి, వైరు వేసి చూశా. 40 నుంచి 4 కౌంట్లకి దిగింది. సున్నా కరెంటు ఇప్పుడు నిజంగానే సున్నా. నిద్రలేని అన్నా, కోఠి వస్తే టీ నాది.

చిప్పు_చిన్నోడు
డబ్బా ఎండలో ఉంటుంది కదా, చిప్పు ఉడికిపోదా?

బోరుబావి_బోర్డు
మంచి ప్రశ్న తమ్ముడూ, నిన్న మధ్యాహ్నం రెండింటికి లోపల థర్మామీటర్ పెడితే 63 డిగ్రీలు. చిప్పు 85 దాకా. మే నెల ఇంకా రాలేదు. డబ్బా మీద రేకు నీడ ఒకటి కట్టించాలి, తర్వాతి బోర్డుకి 125 డిగ్రీల రకం తెప్పిస్తా.

మోటార్_వైండింగ్
డ్రై రన్ ఎక్కడ ట్రిప్ అవ్వాలో ఎలా పెట్టావు? ఐదు మోటార్లూ ఒకేలా ఉండవు, రీవైండ్ చేసినవి అసలే ఉండవు.

బోరుబావి_బోర్డు
ఒక బటన్ పెట్టాను అన్నా. నీళ్లు బాగా వస్తున్నప్పుడు నొక్కితే ఆ మోటార్ పవర్ ఫ్యాక్టర్, కరెంటు గుర్తుపెట్టుకుంటుంది, అక్కడి నుంచి ఎంత పడితే ఆపాలో లెక్కేసుకుంటుంది. పెద్ద బాబాయి బోరుకి మొన్న మూడోరోజే ఆగింది. బోర్డు చెడిపోయిందనుకుని ఆయన స్టార్టర్ పచ్చ బటన్ పుల్ల పెట్టి నొక్కి ఉంచేశాడట. వెళ్లి చూస్తే బోరులో నిజంగానే నీళ్లు లేవు.

మోటార్_వైండింగ్
పుల్లకి ట్రిప్ ఏ చిప్పులోనూ ఉండదు బాబూ. మోటార్ ఉందా?

బోరుబావి_బోర్డు
ఉంది. బటన్‌కీ కాయిల్‌కీ మధ్యలో రిలే వేసి వైరింగ్ మార్చేశాను, ఇప్పుడు పుల్ల పెట్టినా లేవదు. బాబాయి మాట్లాడటం లేదు.